గ్రీకు నేల మీద – 17: తీరికకు రాసిచ్చిన తోట

పోయిన వారం ఫలేరన్ దిమిత్రియస్ ఏథెన్స్ విడిచి పారిపోయిన దగ్గర ఆగాం. అది క్రీ.పూ. 307. మాసిడోనియా అండతో పదేళ్లు నగరాన్ని ఏలినవాడు వెళ్లిపోయేసరికి జనం ఆయన కంచు విగ్రహాలను పడగొట్టి కరిగించారు. ప్రజాస్వామ్యం తిరిగొచ్చిందని సంబరాలు చేసుకున్నారు. ఆ వేడి చల్లారకముందే సోఫోక్లిస్ అనే ఒకాయన ప్రజాసభలో ఒక చట్టం నెగ్గించుకున్నాడు. ఈయన నాటకాలు రాసిన సోఫోక్లిస్ కాదు. ఆ మహాకవి పోయి అప్పటికే సుమారు వందేళ్లు. ఈ సోఫోక్లిస్ తెచ్చిన చట్టం చిన్నదే. కౌన్సిలూ ప్రజాసభా అనుమతి ఇవ్వకుండా ఏ తత్వవేత్తా బడి నడపకూడదు. నడిపితే మరణశిక్ష.

అప్పుడు లైసియంలో అరిస్టాటిల్ పీఠం మీద ఉన్నది థియోఫ్రాస్టస్. లెస్‌బోస్ ద్వీపంలోని ఎరెసోస్ ఆయన సొంతూరు. పారిపోయిన దిమిత్రియస్ ఆయన దగ్గర చదువుకున్నవాడే. థియోఫ్రాస్టస్ మూటాముల్లె సర్దుకుని ఊరు దాటాడు. మిగతా తత్వవేత్తలూ వెళ్లిపోయారు.

ఆ చట్టంలో నేను ‘బడి’ అని రాసిన చోట, మనకు దక్కిన గ్రీకు పాఠంలో ఉన్న మాట స్ఖొలే. అంతకు నూరేళ్ల ముందు ఏథెన్స్ సంతలో ఎవర్ని ఆపి ఆ మాటకు అర్థం అడిగినా ‘తీరిక’ అనే చెప్పేవాడు. పని లేని పొద్దు, పరుగు లేని పూట. అలాంటి మాట మరణశిక్ష విధించే చట్టంలోకి ఎలా వచ్చి చేరింది? దిమిత్రియస్ కథను ఈ వారానికి పక్కన పెట్టి ఈ మాట వెంట నడుద్దాం.

పండితులు ఈ మాటను పట్టుకోవడం, నిలపడం అనే అర్థాలున్న గ్రీకు ధాతువుతో కలుపుతారు. చేస్తున్నది ఆపి నిలవడం అన్న భావం దాని అడుగున ఉంది. దాని ముందు ‘లేదు’ అనే అర్థమిచ్చే అక్షరం చేర్చి గ్రీకులు అస్ఖొలియా అనే మాట చేసుకున్నారు. వ్యాపారం, వ్యవహారం, చేతినిండా పని — వీటన్నిటికీ అదే పేరు. మనకు పని తీరాక మిగిలేది తీరిక. వాళ్లకు తీరిక ముందున్నది, అది లేకపోవడమే పని. లాటిన్‌వాళ్లు కూడా ఇదే పద్ధతిలో ఓటియం అంటే తీరిక, నెగోటియం అంటే వ్యవహారం అన్నారు. స్ఖొలేకు ఇంటి వాడుక ఒకటి కూడా ఉండేది. ఏదైనా పని ‘తీరికగా’ జరుగుతుంది అంటే మెల్లగా అని మొదటి అర్థం, అసలు జరగదులే అని రెండో అర్థం.

చిన్నపిల్లలు అక్షరాలు దిద్దే చోటును మాత్రం ఆ రోజుల్లో ఎవరూ స్ఖొలే అనలేదు. అక్షరాలు నేర్పే అయ్యవారు ఒకరు, లైర్ వాయిద్యం నేర్పేవారు ఇంకొకరు, కుస్తీ నేర్పేవారు మరొకరు. పిల్లవాడిని ఈ ముగ్గురి దగ్గరికీ తిప్పి తెచ్చేవాడు ఇంట్లోని బానిస. ఆ చోట్లలో బెత్తం ఉండేది, తీరిక ఉండేది కాదు.

ఈ మాటకు బరువు ఎక్కించినవారిలో ప్లేటో ముఖ్యుడు. ఏథెన్స్ న్యాయస్థానంలో నీటి గడియారం ఉండేది. అడుగున చిన్న గొట్టం ఉన్న మట్టికుండ అది. నీళ్లు కారుతున్నంతసేపే వాది గాని ప్రతివాది గాని మాట్లాడాలి. అలాంటి కుండ ఒకటి ఏథెన్స్ అగోరా తవ్వకాల్లో దొరికింది. ఆరు లీటర్ల పైచిలుకు నీళ్లు పట్టే ఆ కుండ ఖాళీ కావడానికి సుమారు ఆరు నిమిషాలు పడుతుంది. థియటీటస్ అనే సంవాదంలో ప్లేటో సోక్రటీస్ చేత ఈ కుండను ప్రస్తావింపజేశాడు. చిన్నప్పటి నుంచీ కోర్టుల్లో పెరిగినవాడిని నీళ్లు తరుముతుంటాయి, ఎదుటివాడు నెత్తి మీద నిలబడి ఉంటాడు. అతను బానిసలా మాట్లాడతాడు. తత్వవిచారంలో పెరిగినవాడికి తీరిక ఉంది గనుక ఒక మాట నుంచి ఇంకో మాటకు, అక్కడి నుంచి మూడో మాటకు పోగలడు, నిజం దొరికేదాకా. స్వేచ్ఛ ఉన్నవాడి గుర్తు ఇదే అంటాడు.

ఇక్కడ ప్లేటో దాచిపెట్టని విషయం ఒకటుంది, నాకు అది చాలా విలువైనదిగా కనిపిస్తుంది. విచారణ రోజున సోక్రటీస్ చేసిన ప్రసంగంగా ఆయన రాసిన అపాలజీలో సోక్రటీస్ తనకు తీరికే లేదంటాడు. దేవుడు అప్పగించిన పనిలో, అంటే కనబడినవాడినల్లా ప్రశ్నించే పనిలో, ఇటు ఊరి వ్యవహారాలకూ అటు ఇంటి వ్యవహారాలకూ సమయం చిక్కక పేదవాడిగా ఉండిపోయానంటాడు. మరి ఆయన వెంట తిరిగిన కుర్రాళ్లు? వాళ్లు తీరిక బాగా ఉన్నవాళ్లు, బాగా డబ్బున్నవాళ్ల కొడుకులు. ఈ మాట కూడా అదే ప్రసంగంలో ఉంది. ఇంత స్పష్టంగా చెప్పాక, ఆ డబ్బు ఎక్కడిది అని అడగకుండా ముందుకు పోలేం.

ఏథెన్స్‌కు ఆగ్నేయ దిక్కున లారియన్ కొండల్లో వెండి గనులున్నాయి. క్రీ.పూ. 483లో అక్కడ పెద్ద వెండి పొర తగిలినప్పుడు ఆ సొమ్ముతో ఓడలు కట్టిద్దామని థెమిస్టోక్లిస్ జనాన్ని ఒప్పించాడు. సలమిస్ యుద్ధం గెలిచింది ఆ ఓడలతోనే. ఆ కథ చెప్పుకున్నాం. గనిలోకి దిగినవాళ్ల గురించి అప్పుడు ఎక్కువ చెప్పుకోలేదు. సొరంగాలు చాలాచోట్ల మనిషి నిలబడేంత ఎత్తుండవు. నూనె దీపం వెలుగులో, పాకుతూ, సుత్తీ ఉలీ పట్టుకుని రాయి కొట్టినవాళ్లు బానిసలు. నీకియాస్ అనే సేనాపతికి వెయ్యిమంది గని బానిసలు ఉండేవారని జెనొఫన్ రాశాడు. నీకియాస్ వాళ్లను సోసియాస్ అనే థ్రేస్ దేశస్థుడికి అద్దెకిచ్చాడు. తలకు రోజుకు ఒక ఒబొల్ అద్దె, సంఖ్య తగ్గకుండా చూసే పూచీ అద్దెకు తీసుకున్నవాడిదే. అంటే ఎవరైనా చనిపోతే ఇంకొకడిని తెచ్చిపెట్టాలి. దినానికి వెయ్యి ఒబొల్‌లు నీకియాస్ ఇంటికి నడిచొచ్చేవి. క్రీ.పూ. 413లో స్పార్టావాళ్లు దెకెలియాలో కోట కట్టుకుని కూర్చున్నాక ఇరవై వేల మందికి పైగా బానిసలు ఏథెన్స్‌వాళ్ల చేతుల్లోంచి జారిపోయారని, వాళ్లలో ఎక్కువమంది చేతిపనివాళ్లని థుసిడిడిస్ లెక్క. దారి కనబడగానే వెళ్లిపోయారు. వాళ్లు రాసిన పుస్తకం లేదు గాని, ఆ అంకె వాళ్ల అభిప్రాయమే.

అరిస్టాటిల్ ఈ సంగతిని చుట్టుతిప్పి చెప్పలేదు. తీరిక కోసమే పని చేస్తాం, శాంతి కోసమే యుద్ధం చేస్తాం అన్నది ఆయన వాదన. పని గమ్యం కాదు, తీరిక గమ్యం. ఆట తీరిక కాదని కూడా ఆయన పట్టుబట్టి చెబుతాడు. ఆట అలసటకు మందు, మళ్లీ పనిలోకి దిగడానికి పుచ్చుకునేది. అంటే ఆట కూడా పని కిందే లెక్క. తీరికలో ఉండే ఆనందం దేనికోసమో కాదు, అది దానికదే. ఈజిప్టులో గణితం పుట్టడానికి కారణం అక్కడి పురోహితులకు తీరిక ఇవ్వడమేనని ఆయన అనుకున్నాడు. తీరికను వాడుకోవడం నేర్పకపోతే ఏమవుతుందో చెప్పడానికి స్పార్టాను చూపించాడు. యుద్ధం చేసినంత కాలం నిలబడ్డారు, ఆధిపత్యం చేతికి రాగానే కూలిపోయారు, ఎందుకంటే తీరికగా బతకడం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. పౌరులకు చదువు ఎందుకు అన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు ఇచ్చినవాళ్లు ప్రాచీన ప్రపంచంలో అరుదు. ఆ జవాబు ఇప్పటికీ సరైనదేనని నా నమ్మకం.

రాజనీతి అనే పుస్తకంలో, మంచిగా సాగాల్సిన నగరంలో పౌరులకు రోజువారీ శ్రమ నుంచి విముక్తి ఉండాలని కూడా రాశాడు. అది ఎలా కుదురుతుంది? థెస్సలీలో పెనెస్టాయ్ అనే కట్టు రైతులున్నారు, వాళ్లు తిరగబడుతూనే ఉన్నారు. స్పార్టాలో హెలోట్‌లున్నారు, ఎప్పుడు యజమానికి చెడ్డరోజు వస్తుందా అని కాచుకుని కూర్చున్నారు. ఈ ఇబ్బందులన్నీ వరుసపెట్టి చెప్పి, సరైన పద్ధతి దొరకలేదని ఒప్పుకుంటాడు. ఇంకోచోట ఒక ఊహ చేశాడు. మగ్గం మీద నాడె తనంతట తాను నేయగలిగితే, వాద్యం తనంతట తాను పలికితే, యజమానులకు బానిసలు అక్కర్లేదు. రెండువేల మూడువందల ఏళ్ల కిందటి మనిషి ఆ గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి అడుగు పెట్టలేదు. కొందరు పుట్టుకతోనే బానిసలన్న వాదనను అక్కడే నిలబెట్టాడు. అరిస్టాటిల్‌ను ఇష్టంగా చదివేవాళ్లకు ఆ పేజీలు బాధ పెడతాయి, పెట్టాలి కూడా.

బానిసల శ్రమ ఒక్కటే దారి కాదని ఏథెన్స్ ఆచరణలో చూపింది. పెరిక్లిస్ కాలంలో న్యాయసభల్లో కూర్చునే పౌరులకు కూలి మొదలైంది. మొదట రోజుకు రెండు ఒబొల్‌లు, క్రీ.పూ. 420ల్లో క్లియోన్ దాన్ని మూడు చేశాడు. ఆ శతాబ్దం చివర్లో ఎరెక్థియన్ గుడి కడుతున్నప్పుడు రాతిపని చేసే నేర్పరికి రోజు కూలి ఒక డ్రాక్మా, అంటే ఆరు ఒబొల్‌లు. కాబట్టి న్యాయసభ కూలి దానిలో సగం. దాంతో ఎవరూ ధనవంతులు కాలేదు గాని, చెప్పులు కుట్టేవాడో వయసు మళ్లిన ఓడ తెడ్డువాడో ఒక పూట పనిముట్లు కింద పెట్టి ఊరి సంగతి వినగలిగాడు. తర్వాత ప్రజాసభకు వచ్చినందుకూ డబ్బు ఇచ్చారు. అరిస్టాటిల్ నాటికి అది రోజుకు ఒక డ్రాక్మా అయింది. ఇదంతా ఆయనకు నచ్చలేదు. కూలి ముడుతుంది గనుక పేదవాళ్లకు తీరిక చిక్కుతోందని, ఆస్తుల బెంగ ఉన్న ధనవంతులు సభకు రావడం తగ్గించారని ఫిర్యాదుగా రాశాడు. ఫిర్యాదే అయినా అందులో ఉన్న సమాచారం గొప్పది. పేదవాడి తీరికకు ఊరి ఖజానా నుంచి డబ్బు కట్టవచ్చునని, కట్టారని దానివల్లే మనకు తెలుస్తోంది. ఆ ఖజానా నిండింది ఎక్కువగా లారియన్ వెండితోనూ సామంత నగరాల కప్పంతోనూ అన్న సంగతి దాని పక్కనే రాసుకోవాలి.

ఖజానా సాయం కూడా లేనివాళ్లు రాత్రులను వాడుకున్నారు. అస్సోస్ నుంచి నాలుగు డ్రాక్మాలతో ఏథెన్స్ చేరిన క్లియాంథిస్ అంతకుముందు పిడిగుద్దుల పోటీల్లో దిగినవాడు. పగలు జెనో దగ్గర స్తోయిక్ తత్వం వినేవాడు. రాత్రిళ్లు తోటల్లో బావి నీళ్లు తోడేవాడు, పిండి విసిరేవాడు. ‘బావి తోడేవాడు’ అన్నది ఆయనకు ముద్దుపేరుగా స్థిరపడింది. పగలల్లా చదువుకుంటూ ఇంత పుష్టిగా ఎలా ఉన్నాడో చెప్పమని ఆరియోపాగస్ న్యాయసభ పిలిపిస్తే, నీళ్లు తోడించుకున్న తోటమాలినీ పిండి విసిరించుకున్న ఆవిడనీ సాక్షులుగా తెచ్చుకున్నాడని డియోజెనిస్ లాయర్షియస్ రాశాడు. కాగితం కొనే డబ్బు లేక గురువు మాటలను ఆల్చిప్పల మీదా ఎద్దు భుజపుటెముకల మీదా రాసుకున్నాడట. జెనో తర్వాత సుమారు ముప్ఫై ఏళ్లు ఆ పీఠం ఆయనదే. ఈ కథలో కొంత అలంకారం ఉండవచ్చు, తత్వవేత్తల జీవితాలు రాసినవాళ్లకు ఆ అలవాటు ఉంది. అయినా బావి తోడినవాడు పీఠాధిపతి కాగలడని గ్రీకులు నమ్మారు, ఆ కథను భద్రపరిచారు.

తిరిగి చట్టం దగ్గరికి వద్దాం. అరిస్టాటిల్ జీవించి ఉన్నప్పుడే స్ఖొలే అర్థం మారుతోంది. తీరిక, తీరిక పూట మాట్లాడుకోవడం, అలా మాట్లాడుకోవడానికి కూడిన మనుషులు — ఇలా ఒక్కో మెట్టు దిగింది. కుక్క డియోజెనిస్ అని పేరుపడ్డవాడు, యూక్లిడిస్ అనే తత్వవేత్త నడిపిన స్ఖొలేను ‘ఖొలే’ అని వెక్కిరించేవాడట. ఖొలే అంటే పిత్తం. ఆ శ్లేష పేలాలంటే అప్పటికే జనానికి ఆ మాట గురువు చుట్టూ కూడే గుంపుగా తెలిసి ఉండాలి. నిరంకుశుల గురించి అరిస్టాటిల్ రాసిన చోట ఇంకా పదునైన సాక్ష్యం ఉంది. నిరంకుశుడు స్ఖొలేలను సాగనివ్వడు. మనుషులు తీరికగా కూడితే ఒకరినొకరు ఎరుగుతారు, నమ్మకం పుడుతుంది, దాని నుంచి ధైర్యం పుడుతుంది. అందుకే జనాన్ని పేదరికంలో, ఎడతెగని పనిలో ఉంచుతాడు. ఈజిప్టు పిరమిడ్‌లను, ఏథెన్స్‌లో పెయిసిస్ట్రాటస్ కొడుకులు మొదలుపెట్టిన ఒలింపియన్ జ్యూస్ గుడిని ఆయన ఇందుకు ఉదాహరణలుగా చెప్పాడు.

ఇది చదివాక సోఫోక్లిస్ చట్టం వేరే వెలుగులో కనిపిస్తుంది. నిరంకుశుడు చేస్తాడని అరిస్టాటిల్ చెప్పిన పనిని, నిరంకుశుణ్ణి తరిమేశామనుకున్న ప్రజాసభ చేసింది. ఆ సభకు కారణం లేకపోలేదు. లైసియంవాళ్లకు మాసిడోనియాతో పాత చుట్టరికం, తమను పదేళ్లు ఏలినవాడు ఆ బడి బిడ్డ. కోపం న్యాయమైనదే. ఆ కోపాన్ని నలుగురు కూడి ఆలోచించే హక్కు మీద తీర్చుకోవడం న్యాయం కాదని ఏథెన్స్‌వాళ్లే ఏడాది తిరక్కుండా గ్రహించారు. ఫిలోన్ అనే పౌరుడు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని దావా వేశాడు. సోఫోక్లిస్ ఓడిపోయాడు, ఐదు టాలెంట్‌ల జరిమానా పడింది. థియోఫ్రాస్టస్ తిరిగి వచ్చాడు. ఆ తర్వాత ఏథెన్స్‌లో తత్వం చెప్పడానికి ప్రభుత్వం పర్మిషన్ అడగాలన్న మాట చాలాకాలం వినబడలేదు.

తిరిగి వచ్చిన థియోఫ్రాస్టస్‌కు ఒక సొంత చోటు ఉంది. అరిస్టాటిల్‌కు అది లేదు. ఆయన ఏథెన్స్‌లో పరాయివాడు, భూమి కొనే హక్కు లేదు, బోధన అంతా లైసియం అనే పబ్లిక్ వ్యాయామశాలలో సాగింది. థియోఫ్రాస్టస్ కూడా పరాయివాడే అయినా శిష్యుడు దిమిత్రియస్ అధికారంలో ఉన్న రోజుల్లో కల్పించుకుని ఆయనకు తోట ఇప్పించాడు. మొక్కల మీద లోకంలో మొదటి పెద్ద శాస్త్రగ్రంథాలు రాసిన మనిషికి తోట దక్కడం ఎంతో తగిన విషయం. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు రెండువేల మంది అని చెబుతారు. క్రీ.పూ. 287 ప్రాంతంలో పోయేముందు ఆయన రాసిన వీలునామా మనకు మొత్తంగా దొరికింది. గ్రీకు చరిత్రలో నేను మళ్లీ మళ్లీ తీసి చదివే కాగితం అది.

తోటనూ, నడక దారినీ, తోట పక్క ఇళ్లన్నిటినీ పదిమంది మిత్రుల పేర్లు చెప్పి వాళ్లకు రాశాడు. షరతు ఒక్కటే. కలిసి తీరికగా గడుపుతూ కలిసి తత్వవిచారం చేయదలచినవాళ్లకు అది ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఎవరూ అమ్మకూడదు, సొంతం చేసుకోకూడదు, గుడి ఆస్తిలా అందరూ కలిసి అనుభవించాలి. ‘కలిసి తీరికగా గడపడం’ అన్నచోట ఆయన వాడిన క్రియ స్ఖొలే నుంచి వచ్చిందే. తీరిక అన్న పాత అర్థం, బడి అన్న కొత్త అర్థం ఒకే మాటలో ఒదిగి కనిపించే చోటు ఇది. భూగోళ పటాలున్న పలకలను ఫలానా వసారాలో పెట్టమన్నాడు, తన సమాధి తోటలోనే ఆడంబరం లేకుండా కట్టమన్నాడు.

అదే వీలునామాలో కొన్ని పంక్తుల కింద బానిసల పేర్లున్నాయి. మోలోన్, తిమోన్, పర్మెనో — వీళ్లకు వెంటనే విడుదల. మానెస్, కల్లియాస్ — తోటలో ఇంకో నాలుగేళ్లు కలిసి తప్పు లేకుండా పని చేస్తే విడుదల. కరియోన్‌ను దెమొతిమస్‌కు ఇవ్వాలి, దోనక్స్‌ను నెలియస్‌కు ఇవ్వాలి. యూబియస్‌ను అమ్మెయ్యాలి. కారణం రాయలేదు. పోంపిలస్ అనే అతను ఎప్పుడో విడుదలైనవాడు, తోటనూ సమాధినీ చూసుకునే బాధ్యత పంచుకోమని అతని పేరు రాశాడు. ఈ పోంపిలస్ కూడా తత్వవేత్తేనని మరో ప్రాచీన రచయిత సాక్ష్యం ఉంది. ఒకే తోటలో ఒకడు బానిసత్వంలోంచి తత్వంలోకి నడిచాడు, ఒకడు సంతకు నడిచాడు. తోట అమ్మకూడనిది, యూబియస్ అమ్మదగినవాడు. ఈ రెండు ఆజ్ఞలనూ ఒకే చెయ్యి, మంచి చెయ్యి, రాసింది. గ్రీకుల తీరిక గురించి పొగుడుతూ రాసే పుస్తకాలు మొదటి ఆజ్ఞ దగ్గర ఆగిపోతాయి, ఖండించే పుస్తకాలు రెండోదాని దగ్గరికి నేరుగా పోతాయి. నాకు రెండూ కావాలి. ఎందుకంటే ఆ పదిమందికి దక్కినది నిజంగా గొప్పది. దాని లెక్క చెల్లించినవాళ్లకు పేర్లున్నాయి, ఆ పేర్లు మనకు తెలుసు.

స్ఖొలే తర్వాతి ప్రయాణం త్వరగా చెప్పుకుందాం. రోమన్లు దాన్ని స్కోలా చేసుకున్నారు. తన టస్కులం విల్లాలో మిత్రులతో జరిపిన చర్చలను సిసిరో ఆ పేరుతోనే పిలిచాడు. రోమన్ పిల్లల బడికి మాత్రం లూడస్, అంటే ఆట, అనే పేరుండేది. పుస్తకాల అంచుల్లో పండితులు రాసిన వివరణలు స్ఖోలియా అయ్యాయి. వెనిస్ గ్రంథాలయంలో ఉన్న పదో శతాబ్దపు ఇలియడ్ ప్రతిలో మూల కావ్యం చుట్టూ అలాంటి వివరణలు కిక్కిరిసి ఉంటాయి. రోమ్ సామ్రాజ్యం చివరి దశలో చక్రవర్తి అంగరక్షక దళాల పేరు కూడా స్కోలాలే. క్రీ.శ. 529లో ఏథెన్స్‌లో తత్వబోధనను ఆపించిన జస్టినియన్ కొలువులోనూ ఆ దళాలుండేవి. యూరప్ భాషల్లోకి పోయి, ఇంగ్లీషు మీదుగా మన ఊళ్లకు ‘స్కూలు’గా వచ్చింది. గ్రీసులో పనివాడు సాయంత్రం పని దిగడానికి నేటికీ స్ఖొలే నుంచి పుట్టిన క్రియనే వాడతాడు, పిల్లలు వెళ్లే బడి పేరూ దాని నుంచి వచ్చిందే.

వీలునామాలో నెలియస్‌కు దోనక్స్‌తో పాటు ఇంకొకటి దక్కింది. థియోఫ్రాస్టస్ పుస్తకాలన్నీ, వాటితో కలిసి అరిస్టాటిల్ పుస్తకాలూ. ఆయన వాటిని ఏథెన్స్‌లో ఉంచలేదు. సముద్రం దాటించి ఆసియా మైనర్‌లోని తన ఊరు స్కెప్సిస్‌కు తీసుకుపోయాడు. అక్కడ ఆయన వారసులు పెర్గమాన్ రాజులకు భయపడి వాటిని నేలలో దాచిపెట్టిన సంగతి, చెమ్మా పురుగులూ వాటికి చేసినది, చివరికి సుల్లా అనే రోమన్ సేనాపతి వాటిని ఎలా ఎత్తుకుపోయాడన్నది వచ్చే వారం.